మూడో చాంబరు: లోపల సున్నా

పర్చూరు,
2 జూన్ 2025.

మా చెల్లెలి కొడుకు అష్రఫ్‌కు పెద్దమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

నా పేరు దూదేకుల అమీర్‌బీ. వయసు డెబ్బై రెండు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిదే ఉంది, దాని సంగతి దానిది. భర్త ఖాశిం పోయి పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో ఉండేది నేను, కోడలు కరీమున్, మనవరాలు ఖుర్షిదా. పోయిన నెల పదో తారీఖు దాకా నా కొడుకు పీరు కూడా ఉండేవాడు. ఇవన్నీ నీకు తెలియవని కాదు. రేపు ఈ కాగితం ఎవరి చేతిలో పడ్డా చెప్పింది ఎవరో తెలియాలని మొదలే రాయించాను. రాస్తున్నది అంగన్‌వాడీ టీచరు రెబ్కా. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒప్పుకున్నాకే కలం పట్టనిచ్చాను.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తితే "మీటింగులో ఉన్నా పెద్దమ్మా" అంటావు. ఫోనులో చెప్పిన మాట గాలికి పోయేది. నువ్వు కూడా కాగితం మీదే రాయి, కింద సంతకం పెట్టు.

మీ కంపెనీ నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. రెబ్కా మూడుసార్లు చదివి వినిపించింది. "పీరు అను ముఠా కూలీ మే పదో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నిమిషాలకు మూడో చాంబరు లోపలికి వెళ్ళి, నాలుగూ పన్నెండుకు బయటికి వచ్చినట్లు కంప్యూటర్‌లో నమోదైనది. తదుపరి అనుమతి లేకుండా దొంగతనం ఉద్దేశంతో మరల ప్రవేశించి ప్రమాదానికి గురి అయినాడు" అని ఉంది.

నా కొడుకు మిరపకాయలు దొంగిలించాడట! నాలుగు తరాలుగా మా చేతులకు మంట తప్ప ఏమీ ఇవ్వని మిరపకాయలు. పదహారేళ్ళు ఆ కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అదే మిరప బస్తాలు, మోశాడు. ఒక్క తొడిమ ఇంటికి తెచ్చింది లేదు. శనివారం సాయంత్రం బస్సుకు రావలసినవాడు రాలేదు. పని ఉండి ఆగాడనుకున్నాము. అక్కడ తోటివాళ్ళేమో ఇంటికి పోయాడనుకున్నారు. సోమవారం పొద్దున ఆ చల్లగది తలుపు తీస్తే, పేర్చిన వరస కూలి, టిక్కీల కింద ఉన్నాడు. నడుం మీద పదకొండు టిక్కీలు, ఒక్కొక్కటీ నలభై కేజీలు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఊపిరి ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ మాట కరీమున్‌కు చెప్పలేదు. నువ్వూ చెప్పవద్దు.

ఆ కంప్యూటర్లు చూసేది నువ్వే కదా. బ్రాడీపేట ఆఫీసులో కూర్చుని ఎవరు లోపలికి పోయారో, ఎవరు బయటికి వచ్చారో అంతా కనబడుతుందని రంజాన్‌కు వచ్చినప్పుడు నువ్వే చెప్పావు. అది తెరిచి చూసి ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు కావలసింది అదొక్కటే.

ఇంకో మాట. ఖబరస్తాన్‌లో వెనక నిలబడ్డావు. అన్న మీద మూడు పిడికిళ్ళ మట్టి వేయకుండా పోయావు. నేను దూరం నుంచి చూశాను.

అమీర్‌బీ వేలిముద్ర.


గుంటూరు,
11 జూన్ 2025.

పెద్దమ్మకు అష్రఫ్ సలాములు.

నీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకు వచ్చింది. ఇకమీదట ఇంటికి రాయించు, ఇక్కడ అందరూ చూస్తారు.

నువ్వు అడిగినట్టు రికార్డు చూశాను. కంపెనీ రాసింది నిజమే. తలుపు దగ్గర మిషను మీద గీకే పీరన్న కార్డు ఒంటిగంటా అయిదుకు లోపలికి, నాలుగూ పన్నెండుకు బయటికి. తలుపు పక్కన తెర మీద "లోపల" అన్న చోట సున్నా వచ్చింది. నాలుగూ ఇరవైకి కాపలా బుల్లయ్య తలుపు వేశాడు. అంతకు మించి నాకు తెలిసేది లేదు. పెద్దమ్మా, మా దగ్గర కంప్యూటర్‌లో ఉన్నదే జరిగినట్టు. లేనిది జరగనట్టు. యజమాని అయినా, బ్యాంకు అయినా, ఇన్సూరెన్సు అయినా ఆ రికార్డునే నమ్ముతారు. దాన్ని కాదని నేను సంతకం పెడితే రేపు ఏ రికార్డునూ ఎవరూ నమ్మరు.

అలసిపోయిన మనిషి చల్లగా ఉందని మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకున్నాడేమో. మే నెల ఎండలు కదా. దొంగతనం అన్న మాట మాత్రం రాయకుండా ఉండాల్సింది, నేనూ ఒప్పుకుంటాను.

ఖుర్షిదా కాలేజీ సంగతి నేను చూసుకుంటాను. నగ్మా చేతికి బియ్యం, నూనె ఇచ్చి పంపిస్తున్నాను. నువ్వు బెంగ పెట్టుకోవద్దు.

నీ కొడుకులాంటి వాడు,
అష్రఫ్.


పర్చూరు,
17 జూన్ 2025.

అష్రఫ్‌కు.

సాక్ష్యం అడిగితే బియ్యం పంపావు. నీ పెళ్ళాం ఆటో దిగకుండానే బస్తా దింపించి వెళ్ళింది. అది వాకిట్లోనే ఉంది. ఎలుకలు తింటున్నాయి, తిననీ.

ఎండకు తాళలేక పడుకున్నాడని రాస్తావా? నీ చేతికి కంప్యూటర్ వచ్చింది కానీ కళ్ళు పోయాయి. బుల్లయ్య మొన్న ఇంటికి వచ్చాడు. ఆ తలుపు దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి. గడపలో కూర్చుని తల ఎత్తలేదు.

"అమ్మా, పాత రోజుల్లో నేను మనుషుల్ని లెక్కపెట్టేవాణ్ణి గాదు, చెప్పుల్ని లెక్కపెట్టేవాణ్ణి. తినే సరుకని లోపలికి చెప్పులేసుకుని పోనీం గదా. బయట ఒక్క జత మిగిలినా తలుపు పడేది గాదు" అన్నాడు.

"మరి ఆ రోజు?" అన్నాను.

"ఉన్నయ్. పీరువే. ఎడం కాలిదానికి తీగ కట్టి ఉంటది, నాకు తెలుసు. తెర మీద చూస్తే పచ్చంగా సున్నా. మేనేజరు ముందే జెప్పాడు, తెర జూసి తలుపెయ్యి, నీ చెప్పుల లెక్క నా దగ్గర తేవాకు అని. ఏదో పాతయి ఒదిలేసి పోయాడేమో అని కాలితో పక్కకి నెట్టి తలుపేశా" అన్నాడు.

"నోరు మూసుకుని ఆ చెప్పులు నీ నెత్తిన కొట్టుకో" అన్నాను. సంచీలో తెచ్చిన ఆ చెప్పులు తీసి కొట్టుకున్నాడు. నేనే మళ్ళీ చెయ్యి పట్టుకుని ఆపవలసి వచ్చింది.

నాలుగూ పన్నెండుకు బయటికి వచ్చినవాడు చెప్పులు తొడుక్కోడా? మే నెల సిమెంటు నేల మీద ఉత్తకాళ్ళతో ఎక్కడికి పోయాడు? ఎనిమిది నిమిషాల్లో మళ్ళీ లోపలికి పోయి నిద్రపోయాడా?

ఇక నాకు అర్థమైంది. రికార్డు మార్చింది నువ్వే. కంపెనీ మార్చమంది, నువ్వు మార్చావు. ఆ యంత్రం తాళం నీ దగ్గర తప్ప ఎవరి దగ్గర ఉంది? నిన్ను ఏడో ఏట నుంచి పెంచాను. మీ అమ్మ పోయినప్పుడు పీరు తన కంచంలో నీకు చోటు పెట్టాడు. ఆ కంచంలో ఉమ్మావు.

ఈ మాట రాయవద్దని రెబ్కా అంది. రాయమన్నాను.

వచ్చే నెల ఇరవై ఒకటిన గుంటూరు లేబరాఫీసులో విచారణ పెట్టారు. అధికారి ముందు అందరం చెప్పుకోవచ్చట. ఖుర్షిదాను కాలేజీలో "దొంగ కూతురు" అన్నారు. రెండు రోజులుగా పోవడం లేదు.

అమీర్‌బీ వేలిముద్ర.


గుంటూరు,
27 జూన్ 2025.

పెద్దమ్మా,

నేను ఒక్క అంకె కూడా మార్చలేదు. అల్లా మీద ఆన. నువ్వు నన్ను అంత మాట అన్నాక నాలుగు రోజులు ఆఫీసుకు పోలేదు.

ఎవరికీ చెప్పకూడనిది చెబుతున్నాను. యంత్రానికి మనిషి తెలియడు, కార్డు తెలుస్తుంది. ఎవరి చేతిలో ఉందో దానికి అక్కర్లేదు. కంపెనీ నీకు పంపింది పీరన్న ఒక్కడి వరస. నేను ముఠా మొత్తం వరస తీశాను. నాలుగూ పన్నెండు నిమిషాలా పదకొండో సెకను నుంచి నలభై తొమ్మిదో సెకను దాకా ఎనిమిది కార్డులూ ఒకదాని వెంట ఒకటి గీకి ఉన్నాయి. మూడు గంటలు టిక్కీలు మోసిన ఎనిమిది మంది ముప్పై ఎనిమిది సెకన్లలో బయటికి రాలేరు. ఒకే చెయ్యి ఎనిమిది కార్డులూ గీకింది. అది ముఠా మేస్త్రీ అబ్దుల్ ఖాదర్ చెయ్యి. అందరి కార్డులూ అతని దగ్గరే ఉంటాయి.

అంటే పీరన్న బయటికి రాలేదు. కార్డు వచ్చింది.

నువ్వు అడగాల్సింది నన్ను కాదు, ఖాదర్‌ను. నేను ఈ వరస బయట పెట్టానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో. ఖుర్షిదాను కాలేజీ మానవద్దని చెప్పు.

అష్రఫ్.


పర్చూరు,
5 జూలై 2025.

అష్రఫ్‌కు పెద్దమ్మ రాయించేది.

ముందు ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. రికార్డు మార్చావన్నాను, మార్చలేదు. ఆ మాట తప్పు. ఇప్పుడు చెప్పబోయేది తప్పో కాదో నువ్వు చెప్పాలి.

ఖాదర్ ఇంటికి వెళ్ళాను. అన్నం తింటున్నాడు. నన్ను చూసి కంచం పక్కకు పెట్టాడు.

"ఖాదరూ, కార్డులు నువ్వే గీకావంటగా?"

"గీకానత్తా."

"ఎనిమిదీ?"

"ఎనిమిదీ."

"ఏడుగురే వచ్చారని తెలవదా నీకు? మేస్త్రీవి గాదూ?"

"నలుగురు ముందే టీకి పోయారు. ఇద్దరు బస్సుకని ఉరికారు. పీరు గూడా వాళ్ళెంటే పోయాడనుకున్నా. వరస ఒంగింది, సర్దొస్తానని పైకెక్కాడంట, నాతో చెప్పలా. కార్డులు కట్టగట్టి నా జేబులోనే ఉన్నయ్. రోజూ గీకినట్టే గీకా."

"రోజూ నువ్వెందుకు గీకుతున్నావురా? ఎవరి కార్డు వాళ్ళ మెళ్ళో ఏలాడాలి గదా?"

లోపల నుంచి వాళ్ళావిడ కేకేసింది. "చెప్పు! ఎన్నాళ్ళు కడుపులో పెట్టుకుంటావ్? తిన్న మెతుకు అరగడంలా నీకు!"

అప్పుడు చెప్పాడు. "మీ అష్రఫే అత్తా. ఫిబ్రవరిలో సరుకు ముంచుకొచ్చింది. ఒక్కటే మిషను. ఒక్కో కార్డుకి తెర మీద రింగు తిప్పుకుంటా తిప్పుకుంటా కూసునేది. లారీలు రోడ్డు దాకా నిలబడ్డయ్. పైనుంచి ఫోన్లు, బూతులు. అష్రఫ్ బండేసుకొచ్చాడు. చూశాడు. 'మేస్త్రీ, కార్డులన్నీ నీ దగ్గరే పెట్టుకో, ఒక్కసారే గీకు, మాకు లెక్క సరిపోతే చాలు' అన్నాడు. సదువుకున్నోడు, మనోడు, ఆయనే చెప్పాక ఇంకేం అడుగుతాను?"

నేను వాడిని కొట్టడానికే పోయాను. కొట్టకుండా తిరిగి వచ్చాను.

అష్రఫ్, ఇది నిజమా? అవును, కాదు, రెండింట్లో ఒకటి రాయి. ఇంకేమీ రాయవద్దు.

అమీర్‌బీ వేలిముద్ర.


గుంటూరు,
14 జూలై 2025.

పెద్దమ్మా,

అవును.

ఒక్క మాటే రాయమన్నావు. మిగతాది నాకోసం రాసుకుంటున్నాను.

మా యజమాని గదిలో గోడ మీద ఒక చార్టు ఉంటుంది. లారీ గేటు దగ్గర నలభై నిమిషాలు దాటి ఆగితే ఆ గీత ఎర్రగా మారుతుంది. ఫిబ్రవరి రెండో వారమంతా ఎరుపే. ఒక్క మిషను చాలదు, ఇంకో మూడు కావాలని మేనేజరుకు మెయిల్ పెట్టాను. "ఈ సంవత్సరం కుదరదు. ఉన్నదానితోనే నడిపించు. సోమవారానికి చార్టు పచ్చగా ఉండాలి" అని జవాబు వచ్చింది. ఆ రెండూ ప్రింటు తీసి బీరువాలో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో అప్పుడు నాకు తెలియదు.

తర్వాత ఖాదర్‌తో ఆ మాట చెప్పాను. సోమవారానికి చార్టు పచ్చబడింది. నెలాఖరు మీటింగులో నాకు శాలువా కప్పారు.

ఆ కార్డుల వరస నాకు రోజూ కనబడేది పెద్దమ్మా. ఎనిమిది కార్డులు అరనిమిషంలో. ప్రతి ముఠాదీ అంతే. తలుపు మీద సున్నా ఆ కార్డుల నుంచే వస్తుందని, బుల్లయ్య ఆ సున్నా చూసే తలుపు వేస్తాడని నాకు తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు. ఆలోచించలేదా, ఆలోచించకూడదనుకున్నానా, ఇప్పుడు చెప్పలేను.

పీరన్న దొరికిన సోమవారం ఫోను రాగానే ముందు తీసి చూసింది ఆ వరసనే. ఖబరస్తాన్‌కు వచ్చేసరికే నాకు అంతా తెలుసు. మట్టి తీసుకుందామని వంగాను. చెయ్యి రాలేదు.

విచారణకు నేను రాలేను. ఇప్పుడు పీరన్న మీద పెట్టింది అప్పుడు నా మీద పెడతారు. నగ్మాకు ఏడో నెల. ఈ ఉత్తరం చదివించుకున్నాక పొయ్యిలో పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అష్రఫ్.


పర్చూరు,
17 జూలై 2025.

అష్రఫ్‌కు.

పొయ్యిలో పెట్టను.

సోమవారం పదకొండు గంటలకు అధికారి గది బయట బల్ల మీద ఉంటాను. నీ ఉత్తరం నా నడుమున ఉంటుంది. నువ్వు వచ్చి నీ నోటితో చెబితే అది నడుమునే ఉంటుంది. రాకపోతే రెబ్కా పైకి చదువుతుంది.

నగ్మాకు ఏడో నెల అని నాతో ఎవరూ చెప్పలేదు. మునక్కాడలు పంపుతున్నాను, తినమను.

అమీర్‌బీ వేలిముద్ర.


పర్చూరు,
23 జూలై 2025.

అష్రఫ్‌కు పెద్దమ్మ చెబుతున్నది. ఇది ఉత్తరం అనుకో, వాంగ్మూలం అనుకో. రెండు ప్రతులు రాయించాను. ఒకటి నీకు, ఒకటి నా దగ్గర.

పన్నెండున్నర దాకా చూశాను. నువ్వు రాలేదు. ప్రతి అడుగు చప్పుడుకూ రెబ్కా తల ఎత్తింది, నేను ఎత్తలేదు. లోపలికి పిలిచారు. రెబ్కా చదివింది. ఆ పిల్ల ఒక్క అక్షరం వదలలేదు. ఖాదర్ లేచి "నేనే గీకాను" అన్నాడు. బుల్లయ్య చెప్పుల సంగతి చెప్పాడు.

కంపెనీ లాయరు బయటికి వెళ్ళి చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పటికి మొహం తేటగా ఉంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. భోజనాల వేళ దాటాక టైపు చేసిన కాగితం తెచ్చాడు. "ఇంక మీకే ఇబ్బందీ లేదమ్మా, వేలెయ్యండి" అన్నాడు.

రెబ్కా చదివింది. "పీరు విధి నిర్వహణలోనే చాంబరు లోపల ఉన్నాడు. దొంగతనం అన్న ఆరోపణను కంపెనీ ఉపసంహరించుకుంటున్నది."

అష్రఫ్, ఆ రెండు వాక్యాల కోసమే డెబ్బై రెండు రోజులు తిరిగాను. నా బొటనవేలు సిరా డబ్బాలో పెట్టాను.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అంది రెబ్కా. చదవడానికి జంకింది.

"చదవవే."

"కార్డులన్నీ ఒకరే గీకే పద్ధతి కంపెనీకి ఎంతమాత్రం తెలియకుండా, కంప్యూటర్ ఉద్యోగి అష్రఫ్ సొంత నిర్ణయం ప్రకారం జరిగినది. పూర్తి బాధ్యత అతనిదే అని మృతుని తల్లి అంగీకరించుచున్నది."

"తెలియకుండానా?" అన్నాను. "లారీల గీత పచ్చబడితే శాలువా కప్పింది ఎవరు? మూడు మిషన్లు అడిగితే ఇయ్యనన్నది ఎవరు?"

"అవి ఈ కేసుకు సంబంధం లేని సంగతులమ్మా. ఆ మెయిళ్ళు కంపెనీలో ఎక్కడా లేవు. మీ అబ్బాయి పేరు కడుక్కుపోయిద్ది. అది గదా మీక్కావాల్సింది?"

"నాకు ఇద్దరబ్బాయిలు లాయరు గారూ. ఒకడి మసి తుడిచి రెండోవాడికి పూస్తానంటే ఆ గుడ్డ నేను పట్టుకోను."

అధికారి మంచివాడే. ఆయన చెప్పవలసింది చెప్పాడు. "వేలు వేయకపోతే విచారణ ఆగస్టు పదకొండుకు వాయిదా పడుతుంది. అప్పటిదాకా కంపెనీ ఇచ్చిన మొదటి నివేదికే ఫైలులో ఉంటుందమ్మా."

అంటే దొంగతనం అన్న మాటే ఉంటుంది. తెలిసే లేచాను. సిరా చీరకు తుడుచుకున్నాను.

ఇంటికి రాగానే ఖుర్షిదా ఎదురొచ్చింది. "నాయనమ్మా, కొట్టేశారా ఆ మాట?" అంది. "ఇంకా లేదు" అన్నాను. కారణం చెప్పాను. లోపలికి పోయింది. అప్పటి నుంచి నాకు కంచం పెట్టేది కరీమునే. ఆ పిల్ల నా వైపు చూడడం లేదు. నేను దాన్ని తప్పు పట్టను.

నేను నిన్ను మన్నించానని మాత్రం అనుకోవద్దు. ఎనిమిది మంది ప్రాణాలు ఒక్కడి జేబులో పెట్టించింది నువ్వే. రోజూ చూసి ఊరుకున్నదీ నువ్వే. ఆ భాగం నీదే, అధికారి ముందు అదే చెప్పాను, రేపు ఎక్కడ అడిగినా చెబుతాను. కానీ నీ భాగం ఎంతో అంతే. వాళ్ళ భాగం కూడా నీ నెత్తిన పెట్టుకుని ఇంట్లో దాక్కుంటే నువ్వు నా చెల్లెలి కడుపున పుట్టనట్టే.

ఆ మెయిళ్ళు కంపెనీలో లేవట. నీ బీరువాలో ఉన్నాయి. ఆగస్టు పదకొండున అవి తీసుకుని రా. వస్తే నీకు శిక్ష పడుతుంది, వాళ్ళకూ పడుతుంది, నీ అన్న మీద పడ్డ మాట చెరిగిపోతుంది. నగ్మా కాన్పుకు నేను వచ్చి ఉంటాను. నువ్వు ఎక్కడున్నా ఆ బిడ్డను పెంచుతాను. ఒకణ్ణి పెంచిన దాన్నే.

రాకపోతే ముసల్ది విసిగి ఆ కాగితం మీద వేలు వేస్తుంది, గొడవ తీరుతుంది అనుకుంటున్నావేమో. వేయను. నా కొడుకు దొంగ అన్న మాట ఫైలులో ఉండగానే నేను పోతాను. కరీమున్ అలాగే బతుకుతుంది, ఖుర్షిదా అలాగే పెళ్ళి చేసుకుంటుంది. ఆ మాట ఉన్నన్నాళ్ళూ దాన్ని అక్కడ ఉంచింది నువ్వని నీకు తెలిసి ఉంటుంది.

పైన రాసింది నేను చెప్పింది. మళ్ళీ చదివించుకుని విన్నాను. మొన్న తెచ్చిన కాగితం మీద వేయని వేలు దీని మీద వేస్తున్నాను.

దూదేకుల అమీర్‌బీ, వేలిముద్ర.

సాక్షులు:
అబ్దుల్ ఖాదర్, ముఠా మేస్త్రీ, సంతకం.
బుల్లయ్య, కోల్డ్ స్టోరేజీ కాపలా, ఈ నెల ఇరవై రెండున పనిలోంచి తీసేశారు, సంతకం.
రాసినది రెబ్కా, అంగన్‌వాడీ టీచరు.